గోడ వెనక గది ఎవరిది

గాంధిమతికి కోపం రావడం ఆ షెడ్డులో అంతవరకూ ఎవరూ చూడలేదు. తమిళ ఊరైన అరుప్పుకోట నేతవీధిలో, మరమగ్గాల మోత మధ్య మూలన ఒక బల్ల వేసుకుని, చీర అంచుల బొమ్మలు గడుల కాగితం మీద గీసే మనిషి ఆమె. ఇరవై ఏళ్ళుగా అదే పని. హంస ముక్కు బాగాలేదని యజమాని కాగితం చించి పారేసినా, ఇంకొకటి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేది తప్ప నోరు మెదిపేది కాదు. అలాంటి మనిషి పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం అన్నం గిన్నెను పక్కకు తోసి లేచి నిలబడింది. చేతిలో ఫోను. ఫోను ఆమెది కాదు, రెండో మగ్గం నడిపే జెయంతిది.

జెయంతి పాపం మంచికే చూపించింది. ఫోనులో ఎవరో పాత వీడియో గేమ్‌ల గురించి మాట్లాడుతుంటే, ముఖం చూసి, "అక్కా, ఈయన మీ తమ్ముడుదా?" అని ఫోను చేతిలో పెట్టింది. నేతవీధి వాళ్ళ ఇంటి తెలుగులో తమిళం కలిసి 'తమ్ముడే' అనేది 'తమ్ముడుదా' అవుతుంది. తమ్ముడే. ఆనంద్‌కుమార్. కోవిల్‌పట్టిలో ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకుని, ఖాళీగా ఉన్నప్పుడు ఇలా వీడియోలు చేస్తుంటాడని గాంధిమతికి తెలుసు. ఎప్పుడూ చూడలేదంతే. ఇప్పుడు చూస్తే, తమ్ముడి వెనక గోడమీద వరసగా అద్దాల చట్రాల్లో ముప్పైనాలుగు గడుల కాగితాలు. ప్రతి పదో గడికి ఎర్రచుక్క. అంచుల్లో చీమకాళ్ళంత తమిళ అక్షరాలు. అవి ఆమె చుక్కలు. ఆమె అక్షరాలు.

చిన్నప్పుడు రాత్రీ పగలూ కూర్చుని తానే ఈ పటాలన్నీ గీశానని అతను చెబుతున్నాడు. ఆ ఆటలో ముప్పై ఏళ్ళుగా ప్రపంచంలో ఎవరికీ తెలియని గదిని తానే కనిపెట్టాడట. పాత ఆటల పిచ్చివాళ్ళు దేశదేశాల నుంచి మెచ్చుకున్నారట. ఆ గదికి ఇప్పుడు అందరూ 'ఆనంద్ గది' అనే పేరు వాడుతున్నారట. ఆ మాట చెబుతూ వాడు సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాడు. ఆ సిగ్గు చూసేసరికి గాంధిమతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి! ఆ కాగితాలు ఎలా పుట్టాయో తెలిస్తే మీకైనా ఎక్కుతుంది.

వాళ్ళ నాన్న మునుసామి చేమగ్గం నేసేవాడు. డిజైన్లు కూడా గీసేవాడు. గాంధిమతికి పదమూడో ఏట ఎనిమిదో తరగతితో బడి మాన్పించి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని నేర్పాడు. ఆ దీపావళికి మధురై వెళ్ళినప్పుడు ఎనిమిదేళ్ళ కొడుకు ఏడ్చి గోలచేస్తే టీవీ గేమ్ కొనిచ్చాడు. దానితో వచ్చిన క్యాసెట్ దొంగసరుకు. మీద కార్ల పందెం బొమ్మ ఉంది, లోపల ఉన్నది వేరే ఆట. దాని అసలు పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. కుళ్ళాయి పెట్టుకున్న పొట్టివాడు గోడలెక్కి, గుంతలు దాటి, గబ్బిలాలను తప్పించుకుంటూ పోతాడు. ఇంట్లో అది కుళ్ళాయోడి ఆట.

ఆట తమ్ముడిది. అక్క ముట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. అమ్మ సెల్లత్తాయి పరుగున వచ్చి, ఆడపిల్లకు ఆటలేమిటని కూతురినే కసిరేది. అయితే నేతవీధిలో ఒక కట్టు ఉంది, అమావాస్య నాడు మగ్గం ఆడదు. నాన్న నూలు షాపుకు వెళ్ళేవాడు, అమ్మ పుట్టింటికి వెళ్ళేది, తమ్ముడు బడికి వెళ్ళేవాడు. ఇల్లూ, టీవీ, కుళ్ళాయోడూ ఆ ఒక్క పూటా గాంధిమతివి. అమావాస్య ఆదివారం వస్తే ఆ నెల అంతే సంగతులు. మళ్ళీ ముప్పై రోజులు పళ్ళు బిగించుకుని కూర్చోవాలి.

నెలకు ఒక్క పూటే దొరికితే ఏం చేస్తారు? మిగతా రోజులు ఆలోచిస్తారు. తమ్ముడు ఆడుతుంటే ఆమె కండెలకు నూలు చుడుతూ వెనక నుంచి చూసేది. చూసింది చూసినట్టు కాగితం మీదికి ఎక్కించేది. టీవీ మీది బొమ్మ కూడా గడులతో కట్టిందేనని ఆమెకు మొదటి రోజే అర్థమైంది. ఒక్కో స్టేజీకి నాలుగైదు కాగితాలు, ఏ ఇటుక ఎక్కడుందో, ఏ గబ్బిలం ఎక్కడ మలుపు తిరుగుతుందో అన్నీ.

తమ్ముడి కంటికి ఆనని సంగతులు ఆమెకు ఇట్టే కనిపించేవి. రెండో స్టేజీలోని మేఘాలూ, మూడో స్టేజీలోని మంచుగుట్టలూ ఒకే బొమ్మ, రంగు మాత్రం మార్చారు. నాన్న ఒకే మామిడిపిందెను అంచులో ఆకుపచ్చగా, కొంగులో పసుపుగా వాడుకునేవాడు, ఇదీ అంతే. కుళ్ళాయోడు కుడికి నడిస్తే కత్తి కుడిచేతిలో ఉంటుంది, ఎడమకు తిరిగితే ఎడమచేతికి మారుతుంది. వాడికి రెండు చేతులూ వాటమని కాదు, ఒకే బొమ్మను తిప్పి వేశారు. ప్రాణాలు కూడబెట్టుకుంటూ పోతే ఒక అంకె దాటగానే ఉన్నవన్నీ పోయి ఆట ముగిసేది. తమ్ముడు టీవీని తిట్టి ఏడ్చేవాడు. బొమ్మ నేయడానికి మగ్గానికి తగిలించే చిల్లుల అట్టల మాల చివరికొచ్చి మళ్ళీ మొదటి అట్ట మగ్గం మీదికి వచ్చినట్టు లెక్క తిరగబడిందని గాంధిమతి అంచున రాసిపెట్టుకుంది. ఇవన్నీ ఇప్పుడు ఆనంద్‌కుమార్ వీడియోల్లో ఒక్కొక్కటే వస్తున్నాయి, వాడి పరిశోధనలుగా.

ఇక ఆ గది. నాలుగో స్టేజీలో బావిలాంటి లోతైన గుంత ఉంది. రెండువైపులా ఒకేలాంటి ఇటుక గోడలు, రెండువైపుల నుంచీ గబ్బిలాలు. కుళ్ళాయోడు వంగి, ఇటుకల కింద ఉన్న ఇరుకు సందులోకి జారగలడు. కుడిగోడ కింద జారుతూ ఉండగా, సరిగ్గా తల లోపలికి పోయే క్షణంలో గబ్బిలం తగిలిందంటే, దెబ్బతిన్న మనిషి నిటారుగా లేవబోతాడు. లేవడానికి చోటుండదు. వాడిని ఎటు నెట్టాలో ఆటకు తెలియక ఇటుకల్లోంచే పక్కకు నెట్టుకుంటూ పోయి, ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ వదిలేస్తుంది. ఆ ఖాళీయే గది. అందులో గబ్బిలాలు లేవు, గుంతలు లేవు. ఒక బల్ల, బల్ల దగ్గర ఒక ఆడమనిషి. కుళ్ళాయోడు దగ్గరికొచ్చి ఆగితే ఆమె తల తిప్పి చూస్తుంది. అంతే. ఆటను తయారుచేసినవాళ్ళు ఎందుకో గీసి, ఎందుకో వద్దనుకుని గోడ వెనక వదిలేసిన గది.

గోడ వెనక ఏదో ఉందని గాంధిమతికి అనుమానం రావడానికి కారణం ఆమె గడుల లెక్క. ఆ స్టేజీ మొత్తం గీశాక కుడివైపు పదహారు గడులు మిగిలాయి. నేతవాడు పదహారు పోగులు ఊరికే వదలడు. ఆ పదహారు గడుల కోసం తొమ్మిది అమావాస్యలు పట్టింది. తొమ్మిదోనాడు ఆ ఆడమనిషి తల తిప్పి చూసినప్పుడు గాంధిమతి గట్టిగా అరిచింది. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

పెళ్ళయి అదే వీధిలో అత్తవారింటికి వెళ్ళేటప్పుడు పటాలను అమ్మ పెట్టెలో దాచింది. నాన్న పోయాక అమ్మ కోవిల్‌పట్టికి, కొడుకు దగ్గరికి వెళ్ళింది. పెట్టె కూడా వెళ్ళింది. వాడు అడిగాడు, అమ్మ తీసి ఇచ్చేసింది. కూతురిని ఒక్క మాట అడగాలని తోచలేదు.

వీడియో చూసిన ఆ మధ్యాహ్నమే గాంధిమతి ఫోన్ చేసి నిలదీసింది. ఆనంద్‌కుమార్ ముందు నవ్వాడు. తరువాత విసుక్కున్నాడు.

"క్యాసెట్ నాది, టీవీ గేమ్ నాది. నాయిన నాకుదా కొనిచ్చె. నువ్వు కాయితంలో గీస్తివి, అంతేదా?"

ఆమె అమ్మకు చెప్పుకుంది. సెల్లత్తాయి బుజ్జగించింది. ఇంటి పేరేగా పైకొచ్చింది, ఎవరు చేస్తే ఏమిటంది. వాడికి వ్యాపారం సరిగ్గా లేదు, నలుగురూ మెచ్చుకుంటున్నారు, నువ్వు పెద్దదానివి, సర్దుకుపో అంది. పెద్దదానివి అనే మాట గాంధిమతికి పదమూడేళ్ళప్పటి నుంచి అలవాటే. తన వాటాకు రావలసినదేదైనా తమ్ముడికి పోయే ప్రతిసారీ ఆ మాట వినిపించేది. ఆ తరువాత ఆరునెలలు ఆమె ఇద్దరితోనూ మాట్లాడలేదు. అంచుల మీద హంసలు గీస్తూనే ఉంది. పెన్సిలు మొనలు మాత్రం రోజుకు నాలుగు విరిగేవి.

మొన్న సంక్రాంతి వచ్చే తై నెలలో తమ్ముడే ఫోన్ చేశాడు. గొంతులో తేనె కారుతోంది. అక్క బాగుందా, బావ మోకాలు ఎలా ఉంది, జోతి కాలేజీ ఎలా ఉంది అని మేనకోడలి దాకా అందరినీ అడిగి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. ఒక చిన్న సందేహం ఉందట.

సందేహం చిన్నదేం కాదు. వాడు పెట్టిన పటం పట్టుకుని ఎందరో ఆ గదిలోకి వెళ్ళాలని చూశారు. ఒక్కడూ వెళ్ళలేకపోయాడు. పటంలో చూపిన గోడ దగ్గర వందలసార్లు జారారు, చచ్చారు. ఆ ఆడమనిషి బొమ్మ ఆట లోపల ఉన్నమాట నిజమేననీ, లోపలి సరుకంతా విప్పి చూసేవాళ్ళకు అది కనిపించిందనీ, కానీ అక్కడికి దారే లేదనీ కొందరు తేల్చారు. ఆనంద్‌కుమార్ ఆ బొమ్మ ఎక్కడో చూసి కథ అల్లాడని, మోసగాడని రాయడం మొదలుపెట్టారు. దమ్ముంటే ఆదివారం అందరూ చూస్తుండగా లైవ్‌లో వెళ్ళి చూపించమన్నారు. వీడు ఒప్పుకుని కూర్చున్నాడు. వీడికి దారి తెలిస్తే కదా.

గాంధిమతి రేపు చెబుతానని ఫోన్ పెట్టేసింది. దారి ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. పటం ఎందుకు తప్పిందన్నదే అర్థం కాలేదు. జెయంతి ఫోన్‌లో ఆ కాగితాన్ని పెద్దది చేసి చూస్తే గది ఎడమవైపు ఉంది. తన బల్ల మీద సగం గీసిన హంసను చూశాక వెలిగింది. వాళ్ళ మగ్గం మీద చీర బోర్లా నేస్తారు, మంచి వైపు కిందికి ఉంటుంది. హంస చీర మీద కుడికి చూడాలంటే కాగితం మీద ఎడమకు చూడాలి. నాన్న నేర్పిన మొదటి పాఠం అదే. ఆ తొమ్మిదో అమావాస్య ముందు నెలంతా ఆమె హంసల అంచే గీసింది. చేతికి ఆ వాటం పట్టేసి, గది దొరికిన సంబరంలో ఆ ఒక్క కాగితాన్నీ నేతకు గీసినట్టు తిరగేసి గీసింది. బావికి రెండు గోడలూ ఒకేలా ఉండేసరికి తప్పు ఎవరికీ తెలియలేదు. గడుల కాగితం మీద నాలుగేళ్ళు నేత గీతలు నేర్చుకున్నవాడెవడైనా ఒక్క చూపులో పట్టేసేవాడు. మగ్గం గుంటలో ఒక్కరోజూ కాలు పెట్టనివాడికి ఎలా తెలుస్తుంది!

మర్నాడు ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి ఆమె వాడికి చెప్పలేదు. తానే వస్తాననీ, ఆడి చూపిస్తాననీ, తన పేరు అందరి ముందూ చెప్పాలనీ అంది. వాడు చెప్తాలే అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే బయలుదేరింది. విరుదునగర్‌లో బస్సు మారి, సాత్తూరు దాటి, పదికల్లా కోవిల్‌పట్టిలో దిగింది. దారిపొడవునా ఏమేమి అనాలో మనసులో వల్లించుకుంటూనే ఉంది. అమ్మ ఇడ్లీ పెట్టింది, కోపం మనసులో పెట్టుకోవద్దని గడ్డం పట్టుకుంది. గాంధిమతి తిన్నది. తిండి మీద కోపం లేదు.

అంగడి మీద గదిలో అంతా సిద్ధంగా ఉంది. పాత టీవీ, పాత టీవీ గేమ్, రెండు కెమెరాలు. ఒకటి టీవీ వైపు, ఇంకొకటి బల్ల వెనక కుర్చీలో కూర్చునే ఆనంద్‌కుమార్ ముఖం వైపు. ఆమె ఎక్కడ కూర్చోవాలని అడిగింది. వాడు బల్ల కింద పరిచిన చాప చూపించాడు. జాయ్‌స్టిక్ వైరు బల్ల కిందినుంచి వస్తుందట, చేతులు కూడా కనపడవట. వాడు మాట్లాడుతుంటే ఆమె ఆడాలట.

"నా పేరు?" అని అడిగింది.

"అయినంక చెప్తా అక్కా. ముందు అది కానీ."

ఆమెకు అప్పుడే లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు. ఆ గదిని మళ్ళీ చూసి ఇరవై ఏళ్ళు దాటింది. చాప మీద కూర్చుని జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకుంది.

మొదటి స్టేజీలోనే ఒక ప్రాణం పోయింది. పైన తమ్ముడు మైకులో ఏదో సరదాగా అని కప్పేశాడు. రెండో స్టేజీకి వేళ్ళకు జ్ఞాపకం వచ్చింది. మూడోది గాలిలో పోయినట్టు పోయింది. నాలుగో స్టేజీ. కుళ్ళాయోడు బావిలోకి దిగాడు. మూడు వేల మందికి పైగా చూస్తున్నారని వాడు గొప్పగా చదివాడు. ఆమె కుడిగోడ పక్కన నిలబెట్టింది. గబ్బిలం మలుపు తిరిగింది.

"ఇప్పుడు చూడండి," అన్నాడు ఆనంద్‌కుమార్ తమిళంలో, మైకులో. "నేను జారుతున్నా."

నేను. గాంధిమతి వేలు స్టార్ట్ బటన్ మీద పడింది. పాట ఆగింది. గబ్బిలం గాల్లో నిలిచిపోయింది.

వాడు మైకును అరచేత్తో మూసి బల్ల కిందికి వంగాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. ఏమైందని అడిగాడు. బ్రతిమాలాడు. తరువాత పళ్ళ సందునుంచి తిట్టాడు. గుమ్మంలో నిలబడ్డ సెల్లత్తాయి చేతులు నలుపుకుంటూ, వదిలేయమ్మా, తమ్ముడి మరియాద పోతుంది అంది.

"నా మరియాద పొయ్యినప్పుడు నువ్వు ఏడ ఉంటివిమా?" అంది గాంధిమతి. టీవీ మీదినుంచి చూపు తిప్పలేదు. "నా పేరు చెప్పమను. చెప్పితేదా కుళ్ళాయోడు కదిలేది."

పైన బల్లమీది కంప్యూటర్ తెరమీద చూసేవాళ్ళ రాతలు గబగబా పడుతున్నాయి. ఆట చెడిపోయిందా అంటున్నారు. దొంగ దొరికాడు అంటున్నారు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. మగ్గం ముందు తెగిన పోగు కోసం గంటలు కూర్చున్న మనిషి ఆమె, ఎంతసేపైనా ఉండగలదు. వాడు ఉండలేడు. చివరికి గొంతు సర్దుకుని, మైకు మీది చెయ్యి తీసి, చెప్పాడు. ఈ గదిని కనిపెట్టింది తాను కాదు, తన అక్క గాంధిమతి. పటాలు గీసింది ఆమే. ఇప్పుడు ఆడుతున్నదీ ఆమే.

గాంధిమతి బటన్ నొక్కింది. కుళ్ళాయోడు జారాడు, గబ్బిలం తగిలింది, ఇటుకల్లోంచి ఈదుకుంటూ పోయి గదిలో పడ్డాడు. రెండడుగులు నడిపించి ఆపింది. బల్ల దగ్గరి ఆడమనిషి తల తిప్పి చూసింది.

గాంధిమతి కళ్ళు తడిశాయి, చెంగుతో తుడుచుకుంది. ఇంతకాలానికి తన పేరు ఆ గది పక్కన నిలబడిందనుకుంది. చాప మీదినుంచి లేచి, తన గురించి ఏం రాస్తున్నారోనని తమ్ముడి భుజం మీదుగా చూసింది.

రాస్తున్నారు. వందలమంది రాస్తున్నారు. ఎంత పెద్ద మనసు అన్నా నీది. కీర్తి అంతా అక్కకు ఇచ్చేశావు. ఇలాంటి తమ్ముడు ఏ అక్కకు దొరుకుతాడు. పటాల గురించి ఒక్కడూ అడగలేదు. ఆనంద్‌కుమార్ ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ ముఖం వికసించింది. కెమెరాకు రెండు చేతులూ జోడించి, తోబుట్టువుకు ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తాం అన్నాడు. మళ్ళీ ఆ సిగ్గు, మళ్ళీ ఆ తల వంచుకోవడం.

గాంధిమతి బల్ల మీదికి వంగింది. కెమెరాలో మొదటిసారి ఆమె ముఖం పడింది.

"ఇచ్చేదానికి అది నీది కాదురా," అంది ఇంటి తెలుగులోనే, నెమ్మదిగా. "ఎత్తుకు పొయ్యింది తిరిగి పెట్టినావు. అంతేదా."

రాతలు ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలయ్యాయి. అక్క ఏ భాషలో మాట్లాడింది, ఏమంది, తమిళంలో చెప్పన్నా అని అడుగుతున్నారు. ఆనంద్‌కుమార్ మైకును తనవైపు లాక్కోబోయాడు. గాంధిమతి వాడి చెయ్యి పట్టి పక్కకు పెట్టి, అదే మాటను తమిళంలో, కింద బజారులో వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పింది.